చూస్తే చెల్లని సేవ

మా స్కూల్లో మేటి విద్యార్థులను ఎంచి చేర్చుకునే ఆనర్ సొసైటీ నడిపే ఆర్డిస్ డ్రాగ్సెత్ గారికి ఒకటే పిచ్చి: ఎవరైనా చూస్తుండగా చేసిన సేవను ఆవిడ సేవగా ఒప్పుకోదు. మా మిన్నెసోటా రాష్ట్రంలో మిగతా ఊళ్ళ పిల్లలు సాక్ష్యంగా పెద్దవాళ్ళ చేత సంతకాలు పెట్టించుకుని, ఫోటోలు దిగి సేవ చేస్తుంటే, మా ఊరి పిల్లలు దొంగల్లా నక్కి నక్కి చేసేవాళ్ళు.

పదకొండో తరగతి టకర్ ఒకరోజు రొమ్ము విరుచుకుని వచ్చాడు.

"మేడమ్, చర్చి ముందు పడ్డ మంచు అంతా ఎత్తిపోశాను!"

"ఎవరైనా చూశారా?"

"పాస్టర్ గారు చూసి కాఫీ కూడా ఇచ్చారు."

"కాఫీ తాగేశావుగా, ఇంకేం సేవ? చెల్లదు, పో."

మర్నాడు తెల్లవారుజామున వాడు మొహానికి మఫ్లర్ చుట్టుకుని ఒక ముసలావిడ మెట్ల మీద మంచు తీస్తుంటే, ఆవిడ దొంగనుకుని పోలీసులకు ఫోన్ చేసింది. టకర్ పోలీసు కారులో బడికి వచ్చాడు. ఆర్డిస్ మొహం వెలిగిపోయింది. "సేవంటే ఇదిరా!" అంది. అంతలోనే నీరుగారిపోయింది. "పోలీసులు చూశారే! చెల్లదు."

సొసైటీలోకి ఎవర్ని తీసుకోవాలో తేల్చే అయిదుగురు టీచర్లలో నేనొకణ్ణి. చదువు, సేవ, నాయకత్వం, నడవడి చూడాలి. ఎవరూ చూడని సేవను ఎలా తూచాలో తెలియక నాకు ఒళ్ళు మండేది.

ఆ ఏడాది కోరీన్ పేరు వచ్చింది. పన్నెండో తరగతి, అంటే ఇదే ఆఖరి అవకాశం.

"చదువు సరే," అన్నాడు లెక్కల టీచరు కర్ట్. "సేవ సున్నా. పైగా రోజూ లేటు. తీసేద్దాం."

"ఆగవయ్యా!" అంది ఆర్డిస్. "వాళ్ళ నాన్న నడుం దెబ్బతిని మంచంలో ఉన్నాడు. అమ్మ తెల్లారకముందే ఫ్యాక్టరీకి పోతుంది. తమ్ముళ్ళిద్దరికీ తలదువ్వి, తిండి డబ్బాల్లో సర్ది, బస్సెక్కించాక గానీ ఈ పిల్ల ఇల్లు కదలదు."

"మరి ఆ మాట చెప్పుకోలేదేం?"

"అడిగాను. 'నేనేం సేవా చెయ్యలేదు మేడమ్' అంది. అది సేవ అని దానికి తెలిస్తేగా!"

"ఇదంతా నీకెలా తెలుసు?"

"వారం నుంచి పొద్దున్నే వాళ్ళింటి ఎదురుగా కారు ఆపుకుని చూస్తున్నా."

నేను ఊరుకుంటానా? "దొరికిపోయావు ఆర్డిస్! నువ్వు చూశావుగా, చెల్లదు."

"స్టీరింగ్ కింద దాక్కుని చూశానయ్యా! నేనున్నట్టు దానికి తెలీదు. మోకాళ్ళు పట్టేశాయి కూడాను."

సంతకం పెట్టేవాళ్ళెవరూ లేని ఇలాంటి పిల్లలు మిగిలిపోకూడదనే ఆవిడ ఆ పిచ్చిని ఇన్నేళ్ళుగా నెత్తికెత్తుకుందని నాకప్పుడు అర్థమైంది. ఆవిడంటే నాకు చెప్పలేనంత ఇష్టం కలిగింది. అయిదు చేతులూ లేచాయి, కర్ట్‌ది కొంచెం ఆలస్యంగా.

కొత్తవాళ్ళను సొసైటీలో చేర్చుకునే సభ రోజున సేవ పేరిట కొవ్వొత్తి వెలిగించడానికి కోరీన్‌ని వేదిక మీదికి పిలిచారు. ముందు వరసలోంచి ఆమె చిన్న తమ్ముడు ఓటిస్ గట్టిగా అరిచాడు. "అక్కా, నిన్నెందుకు పిలిచారు?"

"ఏమోరా, పొరపాటున పిలిచినట్టున్నారు," అంది కోరీన్ మెల్లగా. ఎదురుగా మైకుంది. హాలంతా నవ్వింది.

"పొరపాటేం కాదులే," అంది వెనకనుంచి ఆర్డిస్, ముక్కు తుడుచుకుంటూ. "ముందది వెలిగించు తల్లీ, అగ్గిపుల్ల చెయ్యి కాలుస్తుంది."