పులస కోసం ఖాళీ సీసా

మా యూనివర్సిటీ పీజీ సెంటర్ జువాలజీ మ్యూజియం అంటే ఒక గది, కొన్ని బీరువాలు, ఫార్మలిన్ కంపు. గోదావరి చేపలన్నీ అక్కడ సీసాల్లో ఉండేవి, పులస తప్ప. దాని సీసా మీద పేరు అతికించి ఉంది, లోపల ఖాళీ. మ్యూజియం మొదలుపెట్టిన మాస్టారి కాలం నుంచీ అంతే. ఏటా వరదకి గోదాట్లో ఎర్రనీరు రాగానే ఎవరో ఒకరు పులస తెచ్చేవారు, అది ఎవరింట్లోనో కూరయిపోయేది. యానాంలో పులసని మందునీళ్ళలో ముంచడానికి చేతులెవరికొస్తాయి?

రెండువేల సంవత్సరం దాటాక కంప్యూటర్ల జోరు మొదలైంది. కొత్తగా వచ్చిన డైరెక్టరుగారు ఆ ఖాళీ సీసా పట్టుకుని, "పులస లేని గోదావరి మ్యూజియం ఏంటమ్మా? దసరా తర్వాత ఈ గదిలో కంప్యూటర్లు పెట్టించేస్తాను" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఆ గదిలోనే చదువుకుని, ఆ గదిలోనే పాఠం చెబుతున్నదాన్ని.

"దసరాలోగా పులస వస్తేనండీ?"

"వస్తే చూద్దాం లెండి," అని నవ్వారు.

రప్పించి తీరాలనుకున్నాను. మొదటి పులసని ఇంట్లో పెట్టి, ఫార్మలిన్ తెచ్చుకోడానికి వెళ్ళొచ్చేసరికి మా అత్తగారు ముక్కలు కోసి ఉప్పూ పసుపూ పట్టించేశారు. "పులసని సీసాలో పెడతారా అమ్మాయ్, మహాపాపం," అన్నారు. కోపంగానే తిన్నాను. కూర బాగుంది, అందుకు ఇంకా కోపమొచ్చింది.

రెండోసారి సిరంజీ, మందూ సంచిలో వేసుకుని రేవుకే వెళ్ళాను. బేరం తెగగానే అక్కడే గొంతుక్కూర్చుని చేప పొట్టలోకి సూది దించాను. చేపలమ్మే ఆవిడ నెత్తిన చేతులు పెట్టుకుంది.

"చచ్చినదానికి ఇంజక్షనేంటండీ? ఇంక తినడానికి పనికొత్తదా?"

"పనికిరాకూడదనే," అన్నాను. చుట్టూ చేరినవాళ్ళు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. చూస్తే చూశారు.

దసరా సెలవులిచ్చే రోజు డైరెక్టరుగారిని గదికి పిలిచాను. సీసాలో పులస పొలుసు చెదరకుండా నిలబడి ఉంది. ఆయన వంగి దాని పొట్టకేసి చూశారు.

"సొన ఉందా?" అని మెల్లగా అడిగారు.

"నిండా ఉందండీ, పొట్టంతా గుడ్లే."

అంత రుచైన సొన పులస మందుపాలైందని ఆయన మొహం వాడిపోయింది. నేను జాలిపడదల్చుకోలేదు. "మరి గది సంగతండీ?" అన్నాను.

"ఇంకేం గదమ్మా. సొన పులసని బయట పారేయించానంటే ఈ ఊళ్ళో నా మొహం ఎవరైనా చూస్తారా?"

కంప్యూటర్లు మా స్టాఫ్ రూములోకి వెళ్ళాయి. నేను నా కుర్చీ తెచ్చి పులస పక్కన వేసుకున్నాను.