దీవెనమ్మ చెప్పిన మాట

దీవెనమ్మకు అరవై దాటాయి. మోకాళ్లు పట్టేయడంతో రాజమండ్రి పేపరుమిల్లు దారిలోని తన పెంకుటింట్లో గోడ పట్టుకునే తిరిగేది. మాట్లాడే ముందు కొంగుతో పెదవులు తుడుచుకునేది. క్రైస్తవ మిషన్ వాళ్లు పెంచమని అప్పగించిన అనాథ పిల్ల కరుణను రోజూ పొద్దున్నే ముందు కూర్చోబెట్టుకుని, పాత చీర అంచు చింపి జడ కట్టేది. ఒక వేసవిలో మునిసిపాలిటీ గుమాస్తా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "పిల్లను పెంచుతున్నందుకు మిషన్ నెలనెలా డబ్బిస్తోంది కదండీ. అది మీ సంపాదనే. వృత్తి పన్ను కట్టాలి." "అది పిల్ల తిండికేనండి. నాకేం మిగలదు." "మీ పిల్లకు తిండి పెట్టుకోడానికి వాళ్లెందుకిస్తారండి? అది మీకిచ్చే జీతమేగా. మిమ్మల్ని అమ్మా అంటుందటగా." దీవెనమ్మ పెదవులు తుడుచుకుంది. పన్ను పడితే ఇద్దరికీ గంజే గతి. "ఊరికే అలా పిలుస్తుందండి. అది నా బిడ్డ కాదు. నాకేమీ కాదు." గుమాస్తా తలూపి, పన్ను వేయకుండానే వెళ్లిపోయాడు. తలుపు వెనక నిలబడ్డ కరుణ ఆమెకు అప్పుడు కనిపించింది. రమ్మంటే దగ్గరకు వచ్చింది. ఏడవలేదు. ఏదైనా కావాలంటే "పెట్టమ్మా" అని గారాలు పోయే ఆ పిల్ల, మధ్యాహ్నం కంచం ముందు సర్దుకు కూర్చుని, తలెత్తకుండా, "కొంచెం మజ్జిగ పోయండి" అంది.