ముసలి రాణికి జీను

మా తాత జ్ఞానరాజు ఎవరొచ్చినా ముందు ముఖం చూడడు, వీపు చూస్తాడు. ఆలూరు బస్టాండు వెనకాల ఆయన కొట్టు. గుర్రపు జీన్లు బాగుచేస్తాడు. ఈ ఊళ్లో గుర్రాలెక్కడివి అని మీరు అడగొచ్చు. పెళ్లి ఊరేగింపులకు తిప్పేవి ఆదోని వైపు ఇంకా ఉన్నాయి, వాటి జీన్లు చినిగితే మా కొట్టుకే వస్తాయి. జీన్లు రాని రోజుల్లో బడిపిల్లల సంచులకు జిప్పులు వేస్తాడు. అది ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెప్పేశాను.

తొమ్మిదో తరగతితో బడికి దండం పెట్టినదాన్ని కాబట్టి సూదిలో దారం ఎక్కించే ఉద్యోగం నాది. అద్దాలు పెట్టుకున్నా ఆయనకు సూది బెజ్జం కనపడదు. వచ్చినవాళ్లతో మాత్రం మా పాప పని నేర్చుకుంటాంది అని చెప్తాడు.

పోయిన పెళ్లిళ్ల కాలానికి ముందు ఖాజా తన గుర్రం రాణిని నడిపించుకుంటూ వచ్చాడు. గుర్రం వీపు ఖాళీ. జీను ఖాజా భుజం మీద ఉంది. ఎవరో ఆ జీనులో స్పాంజి కూరారట, అది ఉండలు కట్టి రాణి వీపు పుండైంది. పుండు మానినా జీను వేయబోతే కరుస్తోంది. చిన్న పిల్లగా ఉన్నప్పటి నుంచి పెంచిన గుర్రం. ఊరేగింపులకు పోకపోతే మేపే స్తోమత ఖాజాకు లేదు. వారం తిరిగేలోగా దాన్ని కొనడానికి ఒక బేరగాడు వస్తానన్నాడు. వాడు కొన్న గుర్రాలను నాపరాళ్ల బండికి కడతాడని అందరికీ తెలుసు.

తాత స్పాంజి మొత్తం పీకి రోడ్డు మీద పారేశాడు. గొర్రెబొచ్చు తెప్పిస్తే, మా అవ్వా నేనూ చేత్తో విప్పి మెత్తగా చేశాం. బొచ్చు కూరే ముందు ఆయనకొక పద్ధతి ఉంది. గుర్రం వీపు మీద పొయ్యి బూడిద చల్లి, జీను పెట్టి తీస్తాడు. అడుగున ఎక్కడ బూడిద అంటిందో అక్కడ జీను ఆనుతున్నట్టు. గుర్రాలకు విభూతి పెడతాండావా జ్ఞానరాజూ అని చర్చిలో అందరూ ఏడిపిస్తారు. రాణికి మాత్రం ఆ పని చేయనన్నాడు.

"దాని మొదటి జీను కుట్టినోణ్ణి నేను. రాణి వీపు నాకు తెలీదా? కండ్లు మూసుకోని కుడతా."

"తెరిచినా అంతే కదా తాతా" అన్నాను. చేతిలో ఉన్న బొచ్చు నా మీదికి విసిరాడు.

బేరగాడు రావడానికి ముందురోజు ఖాజా రాణిని తోలుకొచ్చాడు. కొత్తగా మెరుస్తున్న జీను రాణి మీద పెట్టగానే అది మెడ తిప్పి ఖాజా చొక్కా చెయ్యి కొరికింది. ఖాజా కోప్పడలేదు. రాణి నుదురు నిమురుతూ, "నీ తప్పు ల్యాదులే అన్నా. దానికే వయసైపాయ" అన్నాడు. తిట్టినా తాత ముఖం అంతలా వాడిపోయేది కాదు.

అవ్వ లోపలికెళ్లి చేటలో బూడిద తెచ్చి ఆయన ముందు పెట్టింది.

తాత చల్లాడు. జీను పెట్టి తీసి బోర్లించాడు. ముందూ వెనకా బూడిద అంటింది. మధ్యలో ఏమీ లేదు. రాణి నడుము కుంగిపోయింది, బరువంతా జీను రెండు చివర్ల మీదే పడుతోంది. ఆయన బొచ్చు కూరింది తన మనసులో ఉన్న పడుచు గుర్రానికి. అరచేత్తో దాని వీపును మెల్లగా తడుముతూ, "ఇంత కుంగిపోయినావేమే, నాకు చెప్పకుండా" అన్నాడు.

"నీ నడుము మాత్రం పెండ్లినాటి మాదిరే ఉండాదా?" అంది అవ్వ. "పొద్దున్నే లేపేది నేను గదా, నాకు తెలీదా."

తాత నవ్వి కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. నేను దారాలు ఎక్కిస్తూనే ఉన్నాను. మధ్యలో గుప్పెడు బొచ్చు కూరడం, బూడిద చల్లి చూడడం, మళ్లీ గుప్పెడు. పొద్దు వాలేసరికి జీను అడుగంతా ఒకే తీరుగా తెల్లబడింది. వీపు తుడిచి చివరిసారి జీను పెట్టినప్పుడు ఖాజా తన రెండో చెయ్యి ముందే వెనక్కి దాచుకున్నాడు. రాణి చెవులు కదిలించింది. కడుపు కింది పట్టీ బిగిస్తుంటే పెద్దగా ఊపిరి వదిలి, కింది పెదవి వేలాడేసి, వెనక కాలు ఒకటి సడలించి నిలబడింది.

ఖాజా పక్కకెళ్లి బేరగాడికి ఫోను చేసి రావద్దన్నాడు. తిరిగొచ్చాక కాసేపు ఎవరి ముఖమూ చూడలేదు.

"లావు పెండ్లికొడుకులకు పంపొద్దప్పా" అన్నాడు తాత. "నెలకొకసారి తోలుకరా. ఈ వయసులో వీపు మారతానే ఉంటాది. మారినట్టల్లా నేను సర్దుతా."

పెళ్లికొడుకు బరువెంతని పెళ్లివాళ్లను ఎట్లా అడిగేదని ఖాజా తల గోక్కున్నాడు. తాత వినలేదు. జీను అంచు కింద వేళ్లు దూర్చి చూస్తున్నాడు. అవ్వ తెచ్చిన టీ పక్కనే చల్లారింది. ఇంతసేపూ నిలబడే ఉన్నాడని నేను స్టూలు తెచ్చి వెనక పెట్టాను. చూడనట్టే కూర్చుని, చెయ్యి మాత్రం రాణి డొక్క మీదే ఉంచాడు.