జీపు కింద ఒక మధ్యాహ్నం

మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచేయి పట్టు తప్పాక, మా పాత జీపు రేకుల నీడలో నిలిచిపోయింది. ఆయనా అంతే, వసారాలో గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున వాకిలి ఊడుస్తుంటే డీజిల్ వాసన కొట్టింది. జీపు కింద మట్టి తడిసి ఉంది. ట్యాంకు నుంచి ఇంజనుకు పోయే ఇనుప గొట్టం తుప్పు పట్టి చెమరుస్తోంది.

"కోయిలకుంట్ల నుంచి మెకానిక్కును పిలిపిస్తా" అన్నాను.

"వద్దు మే. దాన్ని ఇంతవరకు ఇంగొకరు ముట్టుకోలేదు." తన చేతికేసి చూసుకున్నాడు. "ఇది చూస్తే ఇట్లుండాది."

"నాది బాగానే ఉండాది గదా. నువ్వు చెప్పప్పా, నేను చేస్తా."

కొత్త గొట్టం, నట్లు నేనే కొనుక్కొచ్చాను. కోసే పనిముట్లు ఆయన పెట్టెలోనే ఉన్నాయి. బ్యాటరీ వైరు తీసి, మిగిలిన డీజిల్‌ను క్యానులోకి వంపి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, గోనెపట్టా పరుచుకుని ఇద్దరం జీపు కిందికి దూరాం.

అక్కడ చల్లగా ఉంది. చుట్టూ అంచుల్లో ఎండ తెల్లగా మండుతోంది కానీ, మా దాకా రాలేదు. కోళ్ల అరుపులు ఎక్కడో దూరాన ఉన్నట్టు వినిపించాయి. గొట్టం మీద గట్టిపడిన మట్టిని గీకాను. పైన మా చేలోని నల్లరేగడి. దాని కింద తెల్లటి పొడి, మంగంపేట ముగ్గురాయి గనులది. పెళ్లయిన కొత్తలో ఆ గనుల్లో ఆయన ఈ జీపు తోలుతుంటే మేం ఉన్న ఊరు అదే. పొడి చెంప మీద రాలింది. కళ్లు మూతపడ్డాయి. రాజంపేట ఆసుపత్రి నుంచి పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని వస్తున్నాను, జీపు మెల్లగా ఊగుతోంది, ఆయన గుంతలన్నీ తప్పించి తోలుతున్నాడు...

"నిద్రపోతాండావా?"

"లేదు. మంగంపేటలో ఉండా."

ఆయన నవ్వాడు. జబ్బు చేశాక ఆ నవ్వు వినడం అదే మొదలు.

పాత గొట్టం చట్రంలో ఇరుక్కుపోయి రానంది. ముక్కలుగా కోసి లాగాను. బయటికొచ్చి ఆ ముక్కలను నేల మీద వరసగా పేర్చి, వాటికంటే కొంచెం పొడుగ్గా కొత్తదాన్ని కోశాను. "రంపం వద్దు, పొడి లోపలికి పోతాది" అన్నాడు. కోసే పనిముట్టు బిళ్లను గొట్టం చుట్టూ తిప్పుతూ, దాని మరను కొద్దికొద్దిగా బిగిస్తూ పోతే ముక్క దానంతటదే విడిపోయింది. వంపులు నలగకుండా రోకలికి ఆనించి వంచాను. అతుకు కారకుండా చివర నోరు వెడల్పు చేసి గర్వంగా చూపించాను.

"శానా బాగుండాది. నట్టు యాడ?"

నట్టు నా ఒడిలోనే ఉంది. ముందే ఎక్కించాలి, వెడల్పయిన నోటి మీదుగా అది దూరదు. ఇద్దరం పడీపడీ నవ్వాం. కొన కోసేసి, నట్టు ఎక్కించి మళ్లీ చేశాను. పొడుగ్గా కోసుకోవడం మంచిదైంది.

మళ్లీ కిందికి దూరి గొట్టం బిగించి, బయటికొచ్చి డీజిల్ పోసి, లోపలి గాలి పోయేలా ఫిల్టరు మీది మర వదులు చేసి ఇంజను పక్కనున్న చిన్న చేతిపంపు నొక్కాను. బుడగలు వచ్చి వచ్చి, చివరికి ఒట్టి డీజిల్ వచ్చింది. మర బిగించి, బ్యాటరీ వైరు తగిలించాను. ఆయన డ్రైవరు సీట్లోకి ఎక్కాడు. ఎడమ చేయి స్టీరింగు మీదుగా చాచి తాళం తిప్పాడు. జీపు దగ్గి, వణికి, అందుకుంది. కాగితంతో అతుకులన్నీ తుడిచి చూశాను. తడి లేదు.

"ఎక్కు మే" అన్నాడు.

పక్కన కూర్చున్నాను. కాళ్లు, గేరు ఆయనవి. స్టీరింగు నేను పట్టుకున్నాను. ఖాళీ కల్లంలో, మనిషి నడిచే వేగంతో, ఒక చుట్టు తిరిగాం. ధూళి బంగారు రంగులో లేచి మెల్లగా వెనక్కి పోతోంది.

ఆపాక ఆయన ఎడమ చేత్తో స్టీరింగు తట్టాడు. "రేపటి నుంచి ఈ పక్క నువ్వు కూర్చో. నేర్పిస్తా."

కోతల నాటికి చేనికి నేనే తోలుతున్నాను. నేను గేరు మారిస్తే పక్కన కూర్చుని ఆయన ఇప్పటికీ గొణుగుతాడు.