రాత్రి ఎక్కడ పడుకున్నారు?

"మావయ్యా, రెండు రోజులు భిలాయ్ రా, నీ తెలుగుతో పనుంది" అని మేనకోడలు శిరీష ఫోన్ చేసేసరికి ఉబ్బితబ్బిబ్బయ్యాను. నా తెలుగుతో ఇంతవరకు ఎవరికీ పని పడలేదు మరి. శిరీష అక్కడే పుట్టి పెరిగింది. హిందీ గలగలా మాట్లాడుతుంది, తెలుగుకి మాత్రం తడుముకుంటుంది. మలేరియా ఏ ప్రాంతంలో ఎంతుందో లెక్కగట్టి మ్యాపు గీయడం దాని ఉద్యోగం. మాడుగుల హల్వా పొట్లం కట్టించుకుని విశాఖలో రాత్రి బండెక్కాను.

ఎదుటి బెర్తులో విజయనగరం పెద్దాయన నన్ను నిలదీశాడు. "భిలాయ్‌లో సూడ్డానికేటుందండీ, పొగ తప్పితే?" నిజానికి నా ఉద్దేశమూ అదే. తెల్లారి రాయపూర్‌లో దిగి, ప్లాట్‌ఫారం మీద వేడివేడి అటుకుల పోహా, పక్కనే జిలేబీ తిన్నాను. కారం మీద తీపి ఏమిటనుకున్నాను గాని రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నాను. దుర్గ్ వెళ్లే లోకల్‌లో భిలాయ్ పవర్ హౌస్ స్టేషన్‌కి చేరేసరికి తొమ్మిది. వెడల్పాటి రోడ్లు, రోడ్డు పొడవునా నీడ. పెద్దాయనా నేనూ ఇద్దరం పొరబడ్డామని ఆటోలోనే ఒప్పుకున్నాను.

నెహ్రూ నగర్‌లో వాళ్లింట్లో స్నానం కానిచ్చానో లేదో శిరీష నా ముందు రెండు మ్యాపులు పరిచింది. మొదటిదాంట్లో ఉక్కు ఫ్యాక్టరీ వాళ్ల పాత సెక్టార్ ఒకటి ఎర్రగా మండిపోతోంది. రేపు పొద్దున్న దోమల మందు కొట్టే బృందం ఒక్క చోటికే వెళ్తుందట. ఎక్కడికో సాయంత్రంలోగా శిరీషే చెప్పాలి.

"ఎర్రగా ఉన్నచోటికే పంపు" అన్నాను, అదేదో నాకు తెలిసినట్టు.

"అంత ఈజీ కాదు మావయ్యా. మనుషులు కమ్ ఉన్న చోట ఇద్దరికి బుఖార్ వచ్చినా పర్సెంటేజీ పైకెళ్లిపోతాది. అందుకే పక్క బస్తీల లెక్క కూడా కలిపి చూస్తాం. ఫిర్ భీ ఈ సెక్టార్ ఎరుపు తగ్గట్లేదు." రెండో మ్యాపు ముందుకు జరిపింది. "మొదటిది నాకు తెలిసింది. ఇది నాకు ఎంత తెలీదో చెప్తాది, ఎంత నలుపో అంత తెలీదు."

ఆ రెండోదాంట్లోనూ అదే సెక్టార్ అన్నిటికంటే నల్లగా ఉంది. నాకు ముచ్చటేసింది. తనకు ఎంత తెలియదో బొమ్మ గీసి చూపించేవాళ్లని నా జీవితంలో నేను చూడలేదు. మా ఆఫీసులో అయితే ఆ మ్యాపుని బీరువాలో దాచేసేవాళ్లం.

స్కూటీ మీద ఆ సెక్టార్‌కి వెళ్లాం. క్వార్టర్లు కూలగొట్టి చాలాకాలమైనట్టుంది. తుప్పలు, రెండు జామచెట్లు, ఒక మేక. జ్వరం రావాలంటే ఆ మేకకే రావాలి.

శిరీష లెక్కలన్నీ జ్వరాల శిబిరంలో రాసుకున్న చిరునామాలవి. అక్కడ ఈ సెక్టార్ పేరు చెప్పినవాళ్లు ఎక్కువగా తెలుగువాళ్లేనట, వాళ్లలో ఒకరికి ఫోన్ చేస్తే, "రిసాలి రండమ్మా" అన్నారు. రిసాలి భిలాయ్‌లోనే ఇంకో పేట. అక్కడ సందు చివర చిన్న ఇల్లు. గుమ్మంలో అప్పలనరసమ్మగారు, లోపల మలేరియా నుంచి కోలుకుంటున్న ఆమె కొడుకు, గోడకానుకుని ఏడో నెల కోడలు. కడుపుతో ఉన్నవాళ్లకి ఈ జ్వరం మహా చెడ్డదని శిరీష నా చెవిలో చెప్పింది. మందు బృందం మేక దగ్గరికి వెళితే ఈ పిల్ల గతేమిటి?

నా తెలుగు చూపించే సమయం వచ్చింది. గొంతు సవరించుకుని "మీదేవూరమ్మా?" అన్నాను.

"బొబ్బిలి దగ్గర బాబూ." ఆవిడ మొహం వెలిగిపోయింది. "మీదేటి?"

శిరీష నావైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. తనే అడిగింది. "మామ్మా, ఘర్ ఎక్కడ?"

"సెక్టార్లో క్వార్టరే కదమ్మా. మా ఆయన డూటీ సేసినన్నాళ్లూ అక్కడే. పిల్లలు పుట్టిందీ అక్కడే, ఆయన పోయిందీ అక్కడే. ఇల్లంటే అదే. ఇక్కడ ఉంతన్నాం, అంతే."

తెలుగులో అడిగితే బొబ్బిలి, హిందీలో అడిగితే కూలిపోయిన క్వార్టరు. శిబిరంలో అందరినీ "ఘర్ కహాఁ హై", ఇల్లెక్కడ అనే అడిగారట. అబద్ధం చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. శిరీష తన వంకరటింకర తెలుగులో నెమ్మదిగా అడిగింది. "మామ్మా, రాత్రి ఎక్కడ పండుకున్నావు?"

"ఇదిగో, ఈ మంచం మీదే!"

మలేరియా దోమ కుట్టేది రాత్రిపూటే, కాబట్టి దోమకి కావలసిన చిరునామా ఇదొక్కటే. ఆ మంచం మీదే కూర్చుని శిరీష తక్కినవాళ్లందరికీ ఫోన్లు చేసి ఆ ఒక్క ప్రశ్నే అడిగింది. ఎక్కువమంది ఆ చుట్టుపక్కల సందులవాళ్లే. పొద్దువాలేలోగా లెక్కలన్నీ మళ్లీ కట్టింది. ఎరుపు పాత సెక్టార్ వదిలి రిసాలిలో వాలింది. మర్నాడు పొద్దున్న మందు బృందం అదే సందులో దిగింది. కోడలికి రక్తపరీక్ష కూడా చేశారు. ఫలితం వచ్చేలోగా నాకు బండి వేళయింది.

రాయపూర్‌లో సాయంత్రం బండెక్కి కిటికీ పక్కన కూలబడ్డాను. భిలాయ్‌లో ఉక్కు ఫ్యాక్టరీ లోపలికి తొంగి చూడనేలేదు. అయినా వెలితిగా లేదు. లెక్కలంటే మనుషుల్ని అంకెలు చేసి పారేయడమని అనుకునేవాణ్ణి. ఒక్క ముసలావిడ మంచం ఎక్కడుందో తెలుసుకోవడానికి మా పిల్ల పడ్డ తపన చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

బండి కదిలిన కాసేపటికి శిరీష ఫోన్. అప్పలనరసమ్మగారి ఇంట్లోనే ఉందట. ఆవిడ ఫోన్ లాక్కున్నట్టుంది.

"బాబూ, కోడలికి జొరం నేదంట! నువ్వడిగినావు కదా మీదేవూరని. ఇంక ఎవులడిగినా రిసాలి అంతాను. పుట్టబోయే గుంట ఇక్కడే పుడతాది కదేటి. దానికి బొబ్బిలేటి తెలుస్తాది?"