కిడ్నీ భయంతో ఆపేసిన మాత్రలు

టెక్కలి ఆసుపత్రి మంచం మీద నుంచి చెబుతున్నాను. నాకు చదువు రాదు, మనవరాలు ఫేస్‌బుక్‌లో రాస్తోంది.

మా ఉద్దానంలో ఇంటింటా కిడ్నీ జబ్బే, అందుకే ఏ నొప్పి వచ్చినా ముందు కిడ్నీకే రక్తపరీక్ష చేయిస్తాం. మా ఆయన ఆ జబ్బుతోనే పోయాడు. నాకు రెండేళ్లుగా కడుపులో మంట. కిడ్నీ బాగుందని రిపోర్టు వచ్చిన ప్రతిసారీ ఓర్చుకుని జీడితోట పనికి పోయాను. పోయిన నెల నోట్లోంచి గొట్టం వేసి చూసి, కడుపులో పుండు ఉందనీ, దానికి కారణం ఒక క్రిమి అనీ తేల్చారు. పద్నాలుగు రోజులకు మాత్రలిచ్చారు. అయిదో రోజుకే మంట తగ్గింది. మిగిలినవి ఆపేశాను. ఈ తెల్లారి విరేచనం తారులా నల్లగా పడింది, కళ్లు తిరిగి పడిపోయాను.

"మాత్రలెందుకాపేసినావు మామ్మా?" అని డాక్టరు గట్టిగా అడిగాడు.

నేనూ తగ్గలేదు. "ఎందుకేటి బాబూ? మాత్రలు కిడ్నీలు తినేత్తాయి. మా ఇంటాయన్ని సూసినాను, సాలదా?"

"నీ కిడ్నీలు సూసే రాసినాను. సగంలో ఆపేత్తే క్రిమి సావదు, మొండికేత్తాది. ఇప్పుడా పుండు లోంచి రక్తం కారతంది."



సాయంత్రం రిపోర్టు వచ్చింది. కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయట. ఒంట్లో రక్తమే సగం లేదట. మా ఊళ్లో ఇంకా ఎంతమంది మాత్రలు ఆపేసి గూట్లో పెట్టుకున్నారో, సిగ్గుపడకుండా ఇక్కడ చెప్పండి.