కిలో యాభై ఐదు

కొల్లాపూర్ బస్టాండు దగ్గర తోపుడు బండి మీద మామిడిపండ్లు అమ్మే పావని చిన్నప్పుడు పదో తరగతి లెక్కల్లో తప్పింది. ఆ ఎండాకాలమే పెళ్లి చేశారు. ఏళ్లు గడిచి, కూతురు బడికి పోవడం మొదలయ్యాక, ఎవరినీ అడక్కుండా ఓపెన్ స్కూల్లో ఫీజు కట్టి వచ్చింది.

"పండ్లమ్మేదానికి సదువెందుకే?" అంది అత్త ఎంకమ్మ.

"నాకు గావాలె అత్తా."

ఆదివారాలు ఓపెన్ స్కూల్లో శ్రీవాణి మేడం లెక్కలు చెప్పేది. అమ్మకాలు, తగ్గింపు ధరల లెక్కలంటే పావనికి చెమటలు పట్టేవి. "తెల్వనిదాన్ని ఎక్స్ అనుకో, పావనీ. ముందు దానికో పేరు పెట్టు" అనేది మేడం. చాలా వారాలు తప్పులే చేసింది. ఒకరోజు మేడం దిద్దబోతుంటే కాగితం లాక్కుని, "ఆగుండ్రి మేడం, నేనే చేస్త" అంది. చేసింది.

పరీక్షలు దగ్గరపడ్డ రోజుల్లో జంగయ్య అనే వ్యాపారి వాళ్ల బండికి ఎదురుగా షామియానా వేశాడు. బేనిషాన్ పండ్లు కిలో నలభైకే అంటూ మైకు పెట్టాడు. పావని ధర యాభై ఐదు. మొదటి రోజే అమ్మకం సగానికి పడిపోయింది.

"మనం గూడ నలభై పెడదాం" అన్నాడు భర్త తిరుపతి.

పావని సుద్దముక్క తీసి బండి చెక్క మీద రాసింది. "తోటకాడ ముప్పై అయిదుకు తెస్తున్నం. యాభై ఐదుకు అమ్మితే కిలోకు ఇరవై మిగుల్తది. ఇయ్యాల ముప్పై కిలోలే పోయినయ్, అయినా ఆరొందలు మిగిలినయ్. నలభైకి అమ్మితే కిలోకు ఐదే. మరి ఆరొందలు రావాలంటే ఎన్ని కిలోలు అమ్మాలె? ఎక్స్ అనుకో. ఐదు ఎక్సులు ఆరొందలు. ఎక్స్ నూట ఇరవై! మన బండి పట్టేదే ఎనభై."

"మిగిలిన పండ్లు మురిగిపోతే నీ ఎక్స్ తింటదా?"

"తక్కువ తెద్దాం. ధర మాత్రం నేను తగ్గియ్య."

మర్నాడు జంగయ్యే నవ్వుకుంటూ వచ్చాడు. "పరేషాన్ గాకు చెల్లె. అన్నీ నాకియ్యి, ముప్పైకి తీసుకుంట."

"నీ మైకు నీది, నా ధర నాది. జర పక్కకు జరుగన్నా, గిరాకి వస్తుండ్రు."

ఆ వారమంతా ఇల్లు గడవడం కష్టమైంది. ఎంకమ్మ సాధింపు ఆగలేదు. ఇంతలో లెక్కల పరీక్ష వచ్చింది.

"గిట్లాంటి టైములో బండి ఇడిశి పోతవా?" అన్నాడు తిరుపతి.

"పోత. నువ్వున్నవ్ గదా. ధర రాసిన బోర్డు ముట్టకు."

నాగర్‌కర్నూల్‌లో పరీక్ష రాసి, సాయంత్రం బస్సు దిగేసరికి బోర్డు అలాగే ఉంది. ఒకామె బేరమాడుతుంటే తిరుపతి తల అడ్డంగా ఊపుతున్నాడు. పావనికి నవ్వొచ్చింది.

కొన్నాళ్లకు షామియానా లేచిపోయింది. నలభైకి గిట్టక జంగయ్య వనపర్తికి మారాడని ఆటోవాళ్లు చెప్పుకున్నారు. పోయిన గిరాకీ అంతా తిరిగి రాలేదు గానీ, బండి నిలబడింది.

ఫలితాలు వచ్చాయి. లెక్కల్లో నలభై ఏడు.

"పాసైనవ్ గదా, ఇంగ సాలు" అంది ఎంకమ్మ.

"ఇంటర్‌కు గూడ పొద్దున్నే ఫీజు కట్టొచ్చిన అత్తా" అంటూ పావని బండి తోసుకుని బయల్దేరింది.